ప్రధాన సంఖ్యల నడుమ భారీ ఖాళీలు

లెక్కల సారుకు పెళ్ళిళ్ళలో మర్యాద తక్కువ. కరెంటు పోతే ఫిజిక్స్ సారును పిలుస్తారు, బోరునీళ్ళు ఉప్పగా వస్తే కెమిస్ట్రీ సారును అడుగుతారు. లెక్కల సారును మాత్రం చదివింపులు రాయడానికి కూర్చోబెట్టి, అందరూ తిన్నాక గుర్తు తెచ్చుకుంటారు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. మన చదువు ఎవరికీ అర్థం కాదు కాబట్టి మనకు ఇంకే పనీ చేతకాదని లోకం నమ్మకం. నా సర్వీసులో ఒకే ఒక్క పూట జనం లెక్కల కోసం ఎగబడ్డారు. ఎందుకు ఎగబడ్డారన్నది వేరే సంగతి, అదే చెప్పబోతున్నాను.

నేను పనిచేసింది కోదాడలో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. దాని పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. అందరూ బతికే ఉన్నారు, పైగా అందరి దగ్గరా నా ఫోన్ నంబరుంది. కాపురం సూర్యాపేటలో. రోజూ పొద్దున హైవే మీద నిలబడి బస్సెక్కడం, సాయంత్రం అదే హైవే మీద దిగడం, మధ్యలో పాఠం. కాలేజీ ఛైర్మన్ గారిది మిర్యాలగూడ. రైసు మిల్లులున్నాయి, పొలాలున్నాయి, ఇవి చాలవన్నట్టు రాజకీయాల మీద కూడా మనసుంది. మనిషి చెడ్డవాడు కాదు. వడ్లు, ఓట్లు, అడ్మిషన్లు తప్ప లోకంలో లెక్కపెట్టాల్సినవి ఇంకేవీ లేవనుకుంటాడు, అంతే.

మా గణిత శాఖలో ఉన్నది ఇద్దరమే, నేనూ ఒక అమ్మాయీ. ఆమెది నిడమనూరు పక్క పల్లె, గొర్రెల మంద మీద బతికే ఇల్లు. గెస్టు లెక్చరర్ అని హోదా. గెస్టు అంటే మీకు తెలుసు కదా, ఎప్పుడు లేచి వెళ్ళిపొమ్మంటారో తెలియని చుట్టం. ప్రభుత్వ కొలువు నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తూ, ఆ లోగా ఊరుకోలేక పీహెచ్‌డీ కూడా చేస్తోంది. ఆమె విషయం ప్రధాన సంఖ్యల నడుమ వచ్చే పెద్ద పెద్ద ఖాళీలు.

బడిలో నేర్చుకుని మరచిపోయినవాళ్ళకు ఒక మాట. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్య ప్రధాన సంఖ్య. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు. మొదట్లో ఇవి ఇరుగుపొరుగున ఉంటాయి, పోను పోను పలచబడతాయి. ఎనభై తొమ్మిది దాటితే తొంభై ఏడు దాకా ఒక్కటీ లేదు. నూట పదమూడు దాటితే నూట ఇరవై ఏడు దాకా లేదు. ఆ ఖాళీలు ఎంత పెద్దవి కాగలవు, పెద్దవి ఎంత అరుదుగా వస్తాయి, రావడంలో ఏదైనా తీరు ఉందా అని వెతకడం ఆమె పని.

వాళ్ళ నాయన ఒకసారి కాలేజీకి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, అందరి పిల్లలు ఉన్నదాని మీద సదువుతుంటే నా బిడ్డ లేనిదాని మీద సదువుతుందట. నిజమేనా?"

నిజమేనన్నాను.

"దీనికి కొలువొస్తదా?"

వానలు ఎట్లా ఉన్నాయని అడిగి మాట మార్చాను.

అట్లా ఉండగా ఒక రోజు ఛైర్మన్ గారు మమ్మల్నిద్దరినీ తన గదికి పిలిపించారు. టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే ఎవరికో ఒకరికి మూడిందని కాలేజీలో అందరికీ తెలుసు.

"సారూ, ఈ లెక్కల గ్రూపు నడుపుడు ఇగ నాతోని గాదు. కంప్యూటర్ గ్రూపుకు పోరగాళ్ళు లైన్లు గడుతున్నరు. మీ క్లాసుల జూస్తే ముగ్గురు కూసుంటరు, అండ్ల ఒకడు పండుకుంటడు."

"వాడు కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు సార్," అన్నాను.

"గురక పెట్టుకుంట ఆలోచిస్తడా?"

నాకైతే పదవీ విరమణ దగ్గరలోనే ఉంది, గ్రూపు మూసినా ఏదో ఒక మూల కుర్చీ వేస్తారు. ఆ అమ్మాయికి అట్లా కాదు. గ్రూపు పోతే ఆమె కొలువు పోతుంది, కొలువు పోతే చదువు సగంలో ఆగుతుంది, ఇంట్లో మంద ఉండనే ఉంది. ఆమె టీ కప్పు ముట్టుకోలేదు. మెల్లగా అడిగింది.

"సార్, లెక్కలు ఎవలకు అవసరం లేదని మీరెట్ల అనుకుంటున్నరు? ఒక్కసారి బయటి జనానికి చెప్పి సూద్దామా?"

ఛైర్మన్ గారికి పందెం అంటే ఇష్టం. కుర్చీలో వెనక్కి వాలారు.

"సరే. ఆదివారం పెద్ద హాలు ఇస్త. లెక్కల మీద మాట్లాడు. హాలు నిండితే గ్రూపు ఉంటది, నువ్వుంటవు. నిండకపోతే గ్రూపు ఖతం. ఫ్లెక్సీల ఖర్చు నాది. వచ్చినోళ్ళకు తిండి గూడ పెడత, యాభై మందికి. అంతకన్నా రారు గద."

బయటికి వచ్చాక ఆ అమ్మాయి అంది, "సార్, హాలుకు మూడు వందల కుర్చీలున్నయ్." సూర్యాపేట నుంచి మా చుట్టాలందర్నీ తోలుకొచ్చినా రెండు వరుసలు కూడా నిండవని మనసులో లెక్క వేసుకుంటున్నాను.

ఫ్లెక్సీలు మిర్యాలగూడలో ఛైర్మన్ గారికి అలవాటైన షాపులోనే కొట్టించాలి. షాపతనికి ఫోన్ చేసి, "ప్రధాన సంఖ్యల నడుమ పెద్ద ఖాళీల గణాంక స్వభావం" అని రాయమన్నాను. అతను దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"సార్, గింత పొడుగు రాస్తే సదివేటోడు సిగ్నల్ కాడ ఆగినా సరిపోదు. గణాంకం తీసేస్త."

"సరే, తీసెయ్యి."

"పెద్ద అని గూడ వద్దు సార్. ఫ్లెక్సీ మీద పెద్ద అని ఎవలూ రాయరు. భారీ అనే రాస్తరు. భారీ సభ, భారీ తగ్గింపు. పెద్ద అంటే చిన్నగ కనపడతది."

నాకు అతని భాషాజ్ఞానం నచ్చింది. ఒప్పుకున్నాను. "ప్రధాన సంఖ్యల నడుమ" అని ఒక వరుస, "భారీ ఖాళీలు" అని కింద ఇంకో వరుస, ఆ కింద ఆహ్వానం, అంతే అనుకున్నాం. అచ్చుకు ముందు నమూనా మాత్రం అతను నాకు పంపలేదు, డబ్బులిచ్చేది ఛైర్మన్ గారు కాబట్టి ఆయనకు పంపాడు. ఆయన దాంట్లో ఒక్కటే మార్పు చెప్పారట. ఏం చెప్పారో ఆదివారం పొద్దున తెలిసింది.

నేను బస్టాండుకు పోను, హైవే మీదనే ఎక్కుతానని చెప్పాను కదా. అందుకే సూర్యాపేట బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ నా కంట పడలేదు. ఆదివారం పొద్దున కోదాడ బస్సు వచ్చి ఆగితే మెట్ల మీద దాకా కుర్రవాళ్ళే. అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్ళు. ఎట్లాగో దూరి నిలబడ్డాను. పక్కన కూర్చున్న కుర్రవాడు లేచి సీటిచ్చాడు.

"ఎక్కడికి నాయనా, అందరూ?" అన్నాను.

"కోదాడ కాలేజీకి సార్. ఖాళీల మీదికి."

నా చెవులను నేను నమ్మలేదు. "ప్రధాన సంఖ్యల ఖాళీల మీదికేనా?"

"ఔ సార్, ప్రధాన ఖాళీలే. భారీగ ఉన్నయట. మీరు గూడ గాడికేనా?"

"నేను ఆ శాఖలోనే పనిచేస్తాను."

ఇంకో కుర్రవాడు వెనక నుంచి నీళ్ళ సీసా అందించాడు. ఒకడు కిటికీ తెరిచి గాలి వచ్చేట్టు చేశాడు. మునగాల దాటే లోపల నా ఆరోగ్యం, నా పిల్లల సంగతి అందరూ అడిగారు. లెక్కలకు ఇంత గౌరవం నా జన్మలో చూడలేదు. కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. సీటిచ్చిన కుర్రవాడు మెల్లగా వంగి అడిగాడు.

"సార్, ఎగ్జామ్ ఉంటదా, డైరెక్ట్ ఇంటర్వ్యూనా?"

"పరీక్ష ఎందుకు నాయనా, ఊరికే విని వెళ్ళడమే," అన్నాను. ఆ మాట బస్సు చివరి దాకా పాకింది. పరీక్ష లేదట, విన్నవాళ్ళను తీసుకుంటారట అని ఎవరో ఫోనులో చెబుతున్నారు. అప్పటికీ నాకు వెలగలేదు. చదువుకున్నవాడి బుర్ర వెలగడానికి టైం పడుతుంది.

కాలేజీ గేటు దగ్గర దిగి తల ఎత్తి చూశాను. ఫ్లెక్సీ గాలికి ఊగుతోంది. ఛైర్మన్ గారు చెప్పిన మార్పు ఏమిటంటే, తన ఫొటో జర పెద్దగ చెయ్యమని. ఫొటో పెరిగింది. ఫొటో పెరిగేసరికి ఆయన తలకాయా భుజం మీది కండువా వచ్చి "సంఖ్యల నడుమ" మీద కూర్చున్నాయి. మిగిలింది ఇది: ప్రధాన. కింద ఎర్రటి అక్షరాల్లో, భారీ ఖాళీలు. ఆ కింద, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలందరికీ ఆహ్వానం, ప్రవేశం ఉచితం, భోజన వసతి కలదు. పక్కనే నమస్కారం పెడుతూ ఛైర్మన్ గారు.

మూడు ఊళ్ళలోనూ అదే ఫ్లెక్సీ. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది గ్రూపులు గ్రూపులు తిరిగి, దామరచర్లకు చేరేసరికి కరెంటు కొలువులయ్యాయట, అనంతగిరికి చేరేసరికి బ్యాంకు కొలువులయ్యాయట. ఆటోలు కట్టుకుని వచ్చారు.

మా అటెండరు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. కోదాడ మనిషి, మాటకు ముందోసారి వెనకోసారి అండీ పెడతాడు.

"అండీ, కొంప మునిగిందండీ. యాభై మందికి పులిహోర చెప్పామండీ. హాలు నిండిపోయిందండీ, వరండా నిండిపోయిందండీ. ఇద్దరు నాకు బయోడేటాలు ఇచ్చారండీ, ఒకాయన నా కాళ్ళకు దండం పెట్టాడండీ."

"నువ్వేం చేశావు?"

"దీవించానండీ."

హాలు వెనక గదిలో ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"సార్, చెప్పెయ్యాలె. పాపం, పోరగాళ్ళు కిరాయిలు పెట్టుకుని వచ్చిండ్రు."

"చెబితే లేచి పోతారమ్మా."

"పోతరు."

"హాలు ఖాళీ అయితే ఆయన మాట మీద నిలబడతాడు. తెలుసు కదా."

"తెలుసు సార్. నేను గూడ గిట్లనే ఫైల్ పట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరిగిన్నో మీకు తెల్వదు."

నేను ఇంకో ఉపాయం ఆలోచించే లోపలే ఛైర్మన్ గారు కారు దిగారు. హాలు చూశారు. అంత జనాన్ని ఆయన తన మనవడి పుట్టినరోజుకు కూడా చూసి ఉండరు. మైకు కనపడితే ఆగే మనిషి కాదు. నేరుగా వేదిక ఎక్కేశారు. ఆయనకు పాపం ఇంకా ఏమీ తెలియదు, వీళ్ళంతా లెక్కల కోసమే వచ్చారనుకున్నారు.

"మిత్రులారా, ఈ ప్రధాన ఖాళీల సంగతి మా మేడం నాకు చెప్పింది. గిన్ని ఖాళీలు ఉండుడు మన సమాజానికి సిగ్గుచేటు. ఎన్నేండ్ల సంది గిట్లనే పడి ఉన్నయో ఎవలన్నా పట్టించుకున్నరా? నేను మాటిస్తున్న. ఒక్క ఖాళీ గూడ మిగలకుండ అన్నీ భర్తీ చేపిస్త."

హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. వెనక వరుసలో ఎవరో ఆయనకు జిందాబాద్ కొట్టారు. నేను తల పట్టుకున్నాను. ప్రధాన సంఖ్యల నడుమ ఖాళీలు భర్తీ చేస్తానని మాటిచ్చిన మనిషి గణిత చరిత్రలో ఆయనొక్కడే. సంఖ్యలు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఖాళీలు అవి, దేవుడు దిగి వచ్చినా నూట పదిహేనును ప్రధాన సంఖ్య చెయ్యలేడు.

ఆ అమ్మాయి వేదిక ఎక్కి మైకు అందుకుంది.

"మీరందరూ నన్ను క్షమించాలె. ఫ్లెక్సీ మీద కొన్ని అక్షరాలు ఫొటో ఎనక పడ్డయ్. ఇక్కడ కొలువులు లేవు. నేను చెప్పబోయేది సంఖ్యల నడుమ ఉన్న ఖాళీల గురించి. అవి భర్తీ కావు, ఎవలూ చెయ్యలేరు."

చప్పట్లు ఆగిపోయాయి. ఛైర్మన్ గారు నావైపు చూశారు, నేను ఫ్యాను వైపు చూశాను. ఒకడు లేచి అరిచాడు. "మరి గింత దూరం ఎందుకు రప్పిచ్చిండ్రు? తమాషానా?" కొందరు లేచారు, కుర్చీలు కదిలాయి, ముందు వరుస సగం గుమ్మం దాకా వెళ్ళింది.

"నేను గూడ మీ లెక్కనే," అందామె. "నాది గెస్టు కొలువు. నోటిఫికేషన్ కోసం చూస్తున్న. ఇయ్యాల ఈ హాలు ఖాళీ అయితే గీ కొలువు గూడ పోతది. అట్లని మిమ్ములను ఆపను. వెనక అన్నం వండుతున్నరు. అన్నం ఉడికేదాక కూసుంటే ఖాళీ అంటే ఏందో చెప్త. ఇష్టం లేనోళ్ళు పోవచ్చు."

కొందరు వెళ్ళిపోయారు. ఎక్కువమంది మళ్ళీ కూర్చున్నారు. జాలిపడి కూర్చున్నారో, ఎండకు జడిసి కూర్చున్నారో, అన్నం మాట విని కూర్చున్నారో నేను చెప్పలేను. నాలుగో కారణం మాత్రం లేదు, అప్పటికి.

బోర్డు మీద రెండూ మూడూ రాసిందామె. "ఈ రెండే పక్కపక్కన ఉంటయ్. నడుమ ఖాళీ లేని జంట ఇదొక్కటే. ఇగ ఎంత దూరం పోయినా ఇంకోటి దొరకదు." తర్వాతవి రాసుకుంటూ పోయింది. సంఖ్యలో అంకె ఒకటి పెరిగినప్పుడల్లా సగటు ఖాళీ రెండుకు పైచిలుకు పెరుగుతుందని చెప్పింది. "కని సగటును నమ్మి మోసపోవద్దు. సగటుకు రెండింతల ఖాళీలు ఏడింట్ల ఒకటి దాక వస్తయ్. మూడింతలవి ఇరవైల ఒకటి. ఇంకా పెద్దయి ఇంకా అరుదు, కని వస్తయ్. మరీ పెద్దది ఎంతుంటది అంటే, సగటును సగటుతోని గుణిస్తే వచ్చినంత అని ఒకాయన అందాజ చెప్పిండు. ఇంకా కొంచెం పెద్దదే ఉంటదని ఇంకొకలు అన్నరు. ఇప్పటిదాక ఎవలూ రుజువు చెయ్యలేదు."

"నోటిఫికేషన్ గూడ గంతే మేడం," అన్నాడు నాకు బస్సులో సీటిచ్చిన కుర్రవాడు. నవ్వులు.

"గంతే. బస్సు కాడ మనం ఏమంటం? గింతసేపు నిలబడ్డం గద, ఇగ వస్తది అంటం. ప్రధాన సంఖ్యలకు ఆ దయ లేదు. నువ్వు ఎంతసేపటి సంది నిలబడ్డవో వాటికి యాదుండదు."

హాలు గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా ఆగి, రెండు, మూడు, నాలుగు, అయిదు గుణించి నూట ఇరవై రాసింది. దానికి రెండు కలిపితే రెండుతో భాగం పోతుంది, మూడు కలిపితే మూడుతో, నాలుగు కలిపితే నాలుగుతో, అయిదు కలిపితే అయిదుతో. అట్లా వెయ్యి దాకా గుణించుకుంటే ఇంచుమించు వెయ్యి సంఖ్యలు వరుసగా ఖాళీ. "మీకు ఎంత ఖాళీ కావాలంటే అంత ఖాళీ తయారుచేసి ఇస్త."

"ఖాళీ తయారుచేసుడు మాకొద్దు మేడం, అది సర్కారే మస్తు చేస్తది," అని ఎవరో అన్నారు. ఈసారి ఛైర్మన్ గారు కూడా నవ్వారు.

అప్పుడు మధ్య వరుసలో ఒకావిడ లేచింది. అనంతగిరి నుంచి వచ్చిందట, చంకలో పసిబిడ్డ, ఆ బిడ్డ చేతిలో సర్టిఫికెట్ల ఫైలు.

"మేడం, మరి అంత పెద్ద ఖాళీ వచ్చాక ఇంక అక్కడితో అయిపోతాయా? ఆ తర్వాత ఒకటి వచ్చేదుందా, లేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న సంఖ్యల గురించి కాదని హాల్లో అందరికీ అర్థమైంది.

ఆ అమ్మాయి సుద్దముక్క మార్చుకుంది. "ఇదే ఆఖరుది, ఇగ లేదు అని ఎవలన్నా చెప్పిండ్రనుకో. సరే అని, మొదటి సంది ఆ ఆఖరుదాని దాక అన్నిటినీ గుణించు. వచ్చినదానికి ఒకటి కలుపు. ఇగ దాన్ని ఆ పాతవాట్ల దేనితోనన్నా భాగించి సూడు."

సరిగ్గా అప్పుడు మా అటెండరు తలుపు తోసుకుని వచ్చాడు. "భోజనాలు రెడీ అండీ. వేడిగా ఉన్నాయండీ."

"ఆగన్నా," అన్నారు నలుగురైదుగురు. "ఆఖరుది తేలనియ్యి."

వాడు నోరు తెరుచుకుని అక్కడే నిలబడ్డాడు.

"దేనితోని భాగించినా ఒకటి మిగులుతది," అందామె. "అంటే దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఆ పాతవాట్ల లేదు. బయట ఇంకోటి ఉన్నది. ఆఖరుది అన్నోడు తప్పు చెప్పిండు. అక్కా, ఖాళీ ఎంత పెద్దగనన్న ఉండని, దాని అవతల ఒకటి ఉంటది. ఎప్పుడొస్తదో నేను చెప్పలేను. వస్తది అని మాత్రం రుజువున్నది."

ఆవిడ కాసేపు బోర్డు వైపు చూసి కూర్చుంది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, ఛైర్మన్ గారికి కొట్టినంత గట్టిగా కాదు గానీ, చాలాసేపు. నేను ఈ లెక్క కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. పరీక్షలో వస్తుందని చెప్పాను, రాస్తే మార్కులు పడతాయని చెప్పాను. ఇట్లా ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. పట్టరాని సంతోషమూ, దాని పక్కనే కొంచెం ఈర్ష్యా కలిగాయి.

భోజనాల దగ్గర పులిహోర అయిపోయి, మిల్లు నుంచి బియ్యం తెప్పించి మళ్ళీ వండారు. ఛైర్మన్ గారు మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచారు. ఈసారి టీ లేదు.

"ఏందమ్మా గిట్ల జేసినవ్. జనం జాతరకు వచ్చినట్టు వచ్చిండ్రు. నిజం చెప్పి సగం మందిని ఎల్లగొట్టినవ్. ఉన్నోళ్ళు గూడ లెక్కల కోసం రాలే, అన్నం కోసం కూసున్నరు."

"అన్నం రెడీ అన్నా లేవలేదండీ," అన్నాడు తలుపు దగ్గర నుంచి అటెండరు, ఎవరూ అడగకుండానే. "ఇరవై ఏళ్ళ సర్వీసులో భోజనం అన్నా లేవకుండా కూర్చున్న జనాన్ని చూడలేదండీ."

ఛైర్మన్ గారు జవాబు చెప్పే లోపల ఆయన ఫోన్ మోగింది. ఎవరో భర్తీ సంగతి అడుగుతున్నారు. పెట్టేయగానే ఇంకొకరు. ఆయన వేదిక మీద ఇచ్చిన మాటను ఎవరో వీడియో తీసి పెట్టారు. ఒక్క ఖాళీ కూడా మిగలకుండా భర్తీ చేస్తానని ఆయన అంటున్నారు, జనం ఈలలు వేస్తున్నారు. ఆ తర్వాత ఆమె చెప్పిన నిజం ఆ వీడియోలో లేదు. ఆయన ముఖం వాడిపోయింది.

"ఇగ నేను మిర్యాలగూడల తిరుగుడెట్ల? ఏ ఖాళీలని అడిగితే ఏం జెప్పాలె?"

ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి చాలా మర్యాదగా అంది.

"ఖాళీలు ఉన్నయ్ సార్. మన లెక్కల గ్రూపుల సీట్లన్నీ ఖాళీయే. ముగ్గురు తప్ప."

ఆయన ఆమెను చూశారు, నన్ను చూశారు. మెల్లగా ఆ ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. ఆ సాయంత్రమే మూడు ఊళ్ళ నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట చెప్పారు. "ప్రధాన ఖాళీలంటే సీట్లు తమ్మీ. లెక్కల గ్రూపుల భారీ ఖాళీలు. మీ ఇంట్ల ఇంటర్ అయిపోయిన పిల్లలుంటే తోలుకరా, నేను జూసుకుంట." ఇంతమందికి మాటిచ్చి గ్రూపు మూస్తే ఇంక వార్డు మెంబరుగా కూడా ఎవరూ గెలిపించరని ఆయనకు తెలుసు. మూయాల్సిన గ్రూపును నిలబెట్టడం ఆయన రాజకీయ అవసరమైపోయింది. గణితం అట్లా గట్టెక్కింది, రుజువు వల్ల కాదు, ఫొటో వల్ల.

అడ్మిషన్ల రోజుల్లో అనంతగిరి ఆవిడ తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. లెక్కలే ఎందుకమ్మా అని ఆ పిల్లను అడిగితే, "అక్క చెప్పిందండీ, ఇక్కడ అయిపోవడం ఉండదంట," అంది. ఆ ఏడు మా క్లాసు నిండింది. గురక పెట్టి ఆలోచించేవాడికి పడుకోవడానికి జాగా దొరకలేదు.

నా పదవీ విరమణ నాటికి ఆమె పీహెచ్‌డీ పూర్తయింది, ఆమె ఎదురు చూసిన నోటిఫికేషన్ మాత్రం రాలేదు. నేను పోతే నా చోట ఎవరు వస్తారో, అసలు ఎవరినైనా వేస్తారో లేదో తెలియదు. ఆ బెంగతోనే చివరి రోజు బస్సు దిగాను. గేటు మీద కొత్త ఫ్లెక్సీ ఉంది, ఆ మిర్యాలగూడ షాపుదే. పైన నా ఫొటో, దాని పక్కన భారీ వీడ్కోలు అని. ఖర్చు కలిసివస్తుందని ఛైర్మన్ గారు రెండు ఫ్లెక్సీలను ఒకటి చేయించారట. నా ఫొటో కింద, నడుమ వేలెడు సందు కూడా లేకుండా, ఆ అమ్మాయి ఫొటో ఉంది. పేరు ముందు డాక్టర్ అని, పేరు కింద గణిత శాఖాధిపతి అని. అన్నిటికన్నా కింద ఎర్రటి అక్షరాల్లో: ఖాళీ భర్తీ అయినది.

ఆమె వచ్చి నా పక్కన నిలబడి తల ఎత్తి చూసింది. గెస్టు కాదు ఇప్పుడు, ఇంటి మనిషి.

"నడుమ జర జాగా ఇడవమంటే షాపాయన ఇనలేదు సార్," అంది.

"పోనీలేమ్మా," అన్నాను. "రెండూ మూడూ అనుకుందాం."